సొంత విమానం కొనడమా, కట్టుకోవడమా? మరమ్మతు, మార్పుల నిబంధనల లెక్కన ఒక పోలిక

అమెరికాలో ప్రైవేటు పైలట్ లైసెన్సు సంపాదించుకున్న మనవాళ్లలో చాలామందికి, ఫ్లయింగ్ క్లబ్బు విమానాన్ని గంటల లెక్కన అద్దెకు తీసుకుంటూ ఏడాది తిరిగేసరికి సొంత విమానం మీదికి మనసు పోతుంది. అప్పుడు వాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. పాత సెస్నా 172 కొనాలా, వ్యాన్స్ కంపెనీ ఆర్‌వీ కిట్ తెప్పించి గరాజీలో కట్టుకోవాలా, ఎవరో కట్టి అమ్ముతున్న ఆర్‌వీని కొనుక్కోవాలా, లేక ఆర్‌వీ-12 వంటి లైట్ స్పోర్ట్ (తేలికపాటి చిన్న) విమానంతో సరిపెట్టుకోవాలా? ఈ నాలుగింటినీ వేగం, ధర, సీట్ల లెక్కన పోల్చిన పట్టికలు ఎక్కడైనా దొరుకుతాయి. నేను పోల్చదలచుకున్నది మరొకటి. ఏటా జరిగే తనిఖీకి లాగ్‌బుక్‌లో ఎవరు సంతకం పెట్టాలి, విమానంలో ఒక మార్పు చేయాలంటే ఎవరిని అడగాలి, ఆ సంతకం పెట్టే అర్హత మీకు ఎప్పటికైనా వస్తుందా అన్న మూడు సంగతులే రాబోయే పదేళ్ల మీ ఖర్చునూ, మీ ప్రశాంతతనూ, కొంతవరకు మీ ప్రాణాన్నీ కూడా నిర్ణయిస్తాయి. కాబట్టి ఎంపిక అక్కడి నుంచే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం.

ముందు సెస్నా 172, పైపర్ చెరోకీ వంటి ఫ్యాక్టరీ విమానాల సంగతి చూద్దాం. వీటికి టైప్ సర్టిఫికెట్ అనే మూలపత్రం ఉంటుంది. తయారీదారు ఫలానా డ్రాయింగుల ప్రకారం, ఫలానా భాగాలతో ఈ నమూనాను తయారు చేస్తానని చెప్పి, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ అయిన ఎఫ్‌ఏఏ చేత ఒప్పించుకున్న పత్రం అది. ఆ తరువాత ఆ విమానం మీద ఎవరు ఏ పని చేసినా అది ఆ డ్రాయింగులకు కట్టుబడి ఉండాలి. మరమ్మతుల నిబంధనలన్నీ ఎఫ్‌ఏఏ నియమావళిలోని పార్ట్ 43లో ఉన్నాయి. అందులోని అనుబంధం ఏ ప్రకారం, పైలట్ లైసెన్సు ఉన్న యజమాని ఇంజిన్ ఆయిల్ మార్చవచ్చు, టైర్లు మార్చవచ్చు, స్పార్క్ ప్లగ్గులు తీసి శుభ్రం చేసి బిగించవచ్చు, బ్యాటరీ మార్చవచ్చు. ఇలాంటి చిన్న పనుల జాబితా ఒకటి అక్కడ ఉంది. జాబితా దాటిన ప్రతి పనికీ ఏ అండ్ పీ (ఎయిర్‌ఫ్రేమ్ అండ్ పవర్‌ప్లాంట్) మెకానిక్, అంటే ఎఫ్‌ఏఏ సర్టిఫికెట్ ఉన్న మెకానిక్ సంతకం కావాలి. ఏటా జరిగే యాన్యువల్ తనిఖీకి ఆ మెకానిక్ కూడా చాలడు, ఐఏ (ఇన్‌స్పెక్షన్ ఆథరైజేషన్) అనే అదనపు అధికారం ఉన్నవాడే సంతకం పెట్టాలి. మార్పుల విషయం ఇంకా గట్టిది. ఒక కొత్త ఆటోపైలట్ పెట్టాలంటే, ఆ పరికరాన్ని ఆ నమూనా విమానంలో అమర్చవచ్చని చెప్పే ఎస్‌టీసీ ఉండాలి, పెద్ద మార్పు అయితే ఫారం 337 నింపి ఎఫ్‌ఏఏకు పంపాలి.

ఇది విని, ఇంత బాధ ఎందుకు, ఎక్స్‌పెరిమెంటల్, అంటే సొంతంగా కట్టిన విమానాల వైపే వెళదామనుకునేవారికి ఒక మాట చెబుతాను. ఈ కట్టుదిట్టంలో మీకు దక్కే లాభం కూడా ఉంది. మీకు ముందు ఆ విమానాన్ని నడిపినవాళ్లు చేసిన ప్రతి మార్పూ కాగితం మీద ఉంటుంది, ఉండకపోతే అది లోపమని ఎవరైనా చెప్పగలరు. ఏ ఊళ్లో ఆగిపోయినా దాన్ని బాగుచేయగల మెకానిక్ దొరుకుతాడు. పైగా పని మీరే చేయాలన్న కోరిక ఉంటే దారి పూర్తిగా మూసుకుపోలేదు. మెకానిక్ దగ్గరుండి చూస్తూ, తానే బాధ్యత తీసుకునే పక్షంలో, మీరు ఆయన పర్యవేక్షణలో చాలా పనులు చేయవచ్చని పార్ట్ 43 స్పష్టంగా అనుమతిస్తుంది. యాన్యువల్ సమయంలో ప్యానెళ్లు విప్పడం, శుభ్రం చేయడం, చక్రాల బేరింగులకు గ్రీజు పెట్టడం వంటివి యజమానే చేసి, తనిఖీ మాత్రం ఐఏ చేసే ఏర్పాటు చాలా విమానాశ్రయాల్లో మామూలే.

ఇక ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్ బిల్ట్, అంటే వ్యక్తులు తమ నేర్చుకోవడం కోసమో, తమ సరదా కోసమో కట్టుకున్న విమానం. విమానంలో సగానికి మించిన పని అలాంటి వ్యక్తులే చేసి ఉండాలన్నది అసలు షరతు. దీన్నే అందరూ 51 శాతం నియమం అంటారు. దీనికి టైప్ సర్టిఫికెట్ లేదు కనుక కట్టుబడి ఉండవలసిన డ్రాయింగు కూడా చట్టం దృష్టిలో లేదు. పార్ట్ 43 మొదటి సెక్షన్‌లోనే, మొదటి నుంచీ ఎక్స్‌పెరిమెంటల్ సర్టిఫికెట్ మీదే ఉన్న విమానాలకు ఈ భాగం వర్తించదని రాసి ఉంది. ఫలితం ఏమిటంటే, ఈ విమానం మీద మరమ్మతుగానీ మార్పుగానీ ఎవరైనా చేయవచ్చు. యజమాని చేయవచ్చు, యజమాని బావమరిది చేయవచ్చు, ఏ సర్టిఫికెట్టూ లేని పక్కింటి మనిషి చేయవచ్చు. ఎస్‌టీసీ అక్కర్లేదు, ఫారం 337 అక్కర్లేదు. విమాన సమాచారం చూపే గార్మిన్ జీ3ఎక్స్ టచ్ తెరను ఫ్యాక్టరీ విమానంలో పెట్టడానికీ, ఆర్‌వీలో పెట్టడానికీ అయ్యే ఖర్చులో కనిపించే పెద్ద తేడాకు చాలావరకు కారణం ఇదే.

చట్టం పట్టుబట్టేది ఏడాదికొకసారి జరిగే కండిషన్ ఇన్‌స్పెక్షన్ దగ్గర. ప్రతి 12 నెలలకూ, పార్ట్ 43 అనుబంధం డీలో చెప్పిన విస్తృతితో తనిఖీ జరిగి ఉండాలని ఆ విమానానికి ఇచ్చిన ఆపరేటింగ్ లిమిటేషన్స్ పత్రం చెబుతుంది. పార్ట్ 43 వర్తించదని చెప్పిన చోటే దాని అనుబంధం ఒకటి దొడ్డిదారిన కాక, ఈ పత్రం ద్వారా రాజమార్గంలోనే లోపలికి వస్తుందన్నమాట. ఈ తనిఖీకి సంతకం పెట్టే అర్హత ఏ అండ్ పీ మెకానిక్‌కు ఉంది, ఐఏ అక్కర్లేదు. లేదా, ఆ విమానాన్ని కట్టినవాడు రిపేర్‌మన్ సర్టిఫికెట్ తీసుకుని ఉంటే, ఆయన పెట్టవచ్చు.

ఇక్కడ ఒక మాట తేడాను గమనించమని మనవి. సెస్నా లాగ్‌బుక్‌లో తనిఖీదారు రాసే పదం ఎయిర్‌వర్తీ. ఆర్‌వీ లాగ్‌బుక్‌లో ఆ పదం రాయకూడదు. సురక్షితంగా నడిపే స్థితిలో ఉన్నట్టు గుర్తించానని రాయాలి. ఎయిర్‌వర్తీ అంటే ఆమోదం పొందిన నమూనాకు సరిపోతున్నదీ, సురక్షిత స్థితిలో ఉన్నదీ అని రెండు అర్థాలు కలిసిన మాట. ఎక్స్‌పెరిమెంటల్‌కు మొదటిది లేదు కనుక మిగిలేది రెండవదే. అంటే మొదటి విమానానికి సంతకం పెట్టేవాడి వెనుక ఒక కంపెనీ డ్రాయింగులు, ఒక ప్రభుత్వ ఆమోదం నిలబడి ఉంటాయి. రెండవ విమానానికి సంతకం పెట్టేవాడి వెనుక అతని కళ్లు, అతని చేతులు, అతని మనస్సాక్షి తప్ప మరేమీ లేవు. ఆయిల్ మార్చినప్పుడు ఫిల్టర్‌ను కటర్‌తో గుండ్రంగా కోసి, లోపలి మడతల కాగితాన్ని బల్ల మీద బారుగా పరిచి, ఎండ తగిలేట్టు పట్టుకుని చూస్తే లోహపు రజను ఉంటే మెరుస్తుంది. అయస్కాంతం ఆనిస్తే ఆ మెరుపు అంటుకుంటుందా లేదా అన్నదాన్ని బట్టి అది ఉక్కో, అల్యూమినియమో తేలుతుంది. అనుబంధం డీ ఇంజిన్ విభాగంలో లోహకణాల కోసం చూడమన్నది ఒకే ఒక ముక్క. ఆ ముక్కను అరగంట పనిగా చేస్తారా, అర నిమిషంలో ముగిస్తారా అన్నది సంతకం పెట్టేవాడికే తెలుస్తుంది.

మార్పు చేసే స్వేచ్ఛ విషయంలో చాలామందికి ఒక అపోహ ఉంది. ఎక్స్‌పెరిమెంటల్ కనుక ఏం మార్చినా మరుసటి ఉదయం కుటుంబంతో ఎగరవచ్చని అనుకుంటారు. అది తప్పు. ఎఫ్‌ఏఏ నియమావళి 21.93 సెక్షన్ మార్పులను రెండు రకాలుగా విడదీస్తుంది. బరువు, బరువు పంపిణీ, నిర్మాణ బలం, నమ్మకంగా పనిచేయడం, ఎగిరే లక్షణాలు వంటి వాటి మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేనిది చిన్న మార్పు, మిగిలినవన్నీ పెద్ద మార్పులు. పెద్ద మార్పు చేశాక ఏం చేయాలో ఆపరేటింగ్ లిమిటేషన్స్‌లో ఉంటుంది. ఇటీవలి పత్రాల్లో సాధారణంగా కనిపించే క్రమం ఇది: మొదటి పరీక్షకు ముందే మార్పు వివరాలు లాగ్‌బుక్‌లో రాయాలి, పరీక్ష జరపబోయే ప్రాంతాన్ని స్థానిక ఎఫ్‌ఏఏ కార్యాలయానికి తెలిపి దానికి వారి సమ్మతి తీసుకోవాలి, ఆ తరువాత కనీసం 5 గంటలు ఆ ప్రాంతంలోనే, పగటిపూట, అవసరం లేని మనిషిని ఎక్కించుకోకుండా ఎగరాలి, చివరికి విమానం తన వేగాల పరిధి అంతటా అదుపులో ఉంటోందని, ప్రమాదకర లక్షణాలేవీ లేవని పైలట్ రికార్డులో ధ్రువీకరించాలి. కొత్త విమానానికి మొట్టమొదట పెట్టే ఫేజ్ వన్ పరీక్షకు ఇది చిన్న రూపం. ఆ ఫేజ్ వన్, సర్టిఫై అయిన ఇంజిన్, ప్రొపెల్లర్ జత ఉంటే 25 గంటలు, లేకపోతే 40 గంటలు ఉండడం చాలాకాలంగా ఉన్న పద్ధతి.

ఈ పత్రం విమానానికి విమానానికీ మారుతుందన్నది అతి ముఖ్యమైన విషయం. 1980లలో సర్టిఫికెట్ పొందిన విమానానికి ఆనాటి షరతులే ఇప్పటికీ వర్తించవచ్చు, వాటిలో పెద్ద మార్పు తరువాత ఎఫ్‌ఏఏ నుంచి రాతపూర్వక జవాబు వచ్చేదాకా ఎగరవద్దన్నవీ ఉంటాయి. పాత షరతులు బాధగా ఉంటే కొత్త వాటికి దరఖాస్తు పెట్టుకునే వీలుంది. కాబట్టి ఎక్స్‌పెరిమెంటల్ నిబంధన ఏమిటని ఎవరినో అడగడం కంటే, కొనబోయే ఆ ఒక్క విమానం పత్రాన్ని మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం వరకు చదవడమే సరైన పని.

దీని విలువ నాకు ఒక హ్యాంగర్‌లో తెలిసింది. కొనడానికని వెళ్లి చూసిన రెండు సీట్ల ఆర్‌వీ అది. రంగు కొత్తది, రివెట్ల వరుసలు గీత గీసినట్టు ఉన్నాయి, మొదటి చూపులోనే మనసు పడ్డాను. లాగ్‌బుక్ తెరిస్తే మొదటి పేజీలో ఫిక్స్‌డ్ పిచ్ (రెక్కల కోణం మారని) చెక్క ప్రొపెల్లర్ అని రాసి ఉంది. నా ఎదుట ముక్కు మీద ఉన్నది లోహపు కాన్‌స్టంట్ స్పీడ్ (రెక్కల కోణం మారే) ప్రొపెల్లర్. నాలుగేళ్ల కండిషన్ ఇన్‌స్పెక్షన్లు వరుసగా సంతకాలతో ఉన్నాయి గానీ, ప్రొపెల్లర్ ఎప్పుడు మారిందో చెప్పే వాక్యం ఒక్కటి లేదు, 5 గంటల పరీక్ష లేదు, ముక్కు వైపు అంత బరువు పెరిగాక మళ్లీ తూచిన కాగితం లేదు. అమ్మేవాడు అబద్ధమాడే మనిషి కాదు. నాకు ముందున్న ఓనరు మార్చాడు, నేను అడగలేదు అన్నాడు. బల్ల మీద కూర్చుని, ఉన్న బరువు కాగితంతోనే రెండు సీట్లలోనూ ఇద్దరు, తక్కువ పెట్రోలు, సామాను ఏమీ లేదన్న లెక్క వేసి చూపించాను. ఆ లెక్క ఇక ఆ విమానానిది కాదని ఆయనకూ అర్థమైంది. మార్పును రాసి, తూచి, పరీక్ష పూర్తి చేసి ధ్రువీకరించిన తరువాతే మాట్లాడుకుందామని చెప్పి వచ్చేశాను.

కాగితం లోటు కేవలం కాగితం లోటని అనుకునేవారి కోసం అందరికీ తెలిసిన ఒక ప్రమాదాన్ని ఇక్కడ గుర్తు చేస్తాను. 1997 అక్టోబరు 12న గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియాలోని మాంటరే అఖాతంలో లాంగ్ ఈజెడ్ విమానం కూలి మరణించారు. బర్ట్ రుటాన్ రూపొందించిన ఆ విమానాన్ని వేరొకరు కట్టారు, డెన్వర్ దాన్ని అప్పుడే సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు. రుటాన్ ప్లానులో ఇంధనపు ట్యాంకులు మార్చే సెలెక్టర్ పైలట్ చేతికందే చోట, ముందు వైపు ఉంది. కట్టిన వ్యక్తి దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక గోడకు పెట్టారు. ఎటు తిప్పితే ఏ ట్యాంకో గుర్తు లేదు. గాలిలో ట్యాంకు మార్చవలసి వచ్చినప్పుడు ఒళ్లంతా వెనక్కి తిప్పి చేయి చాపాలి, ఆ తిరగడంలో కుడి కాలు పెడల్‌ను నొక్కేస్తుంది. విచారణ జరిపిన అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ ముఖ్యంగా తేల్చినదీ ఇదే: సెలెక్టర్‌ను అందుకునే ప్రయత్నంలో దృష్టి మళ్లి, అనుకోకుండా కుడి రడ్డర్ (ఆ పెడల్‌తో కదిలే, విమానం ముక్కును పక్కకు తిప్పే పలక) పడింది. కట్టినవారు సెలెక్టర్‌ను అందని చోట పెట్టడం, ఆ విమానం మీద డెన్వర్‌కు చాలినంత శిక్షణ లేకపోవడం తోడ్పడిన కారణాల్లో ఉన్నాయి. సెలెక్టర్‌ను అక్కడ పెట్టడం ఏ నిబంధనకూ విరుద్ధం కాదు. కట్టేవాడికి అలా పెట్టే హక్కు చట్టమే ఇచ్చింది, ఆ హక్కు ఖరీదు కొన్నవాడు చెల్లించాడు. ఎన్‌టీఎస్‌బీ 2012లో వెలువరించిన అధ్యయనం కూడా ఇంజిన్ వైఫల్యాలను, గాలిలో అదుపు తప్పడాన్ని ఈ విమానాల ప్రమాదాల్లో ప్రధానంగా చూపిస్తూ, కొత్తగా కట్టిన తొలి గంటలనూ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ల తొలి ప్రయాణాలనూ ప్రత్యేకంగా హెచ్చరించింది.

అలాగని కట్టుకునే దారి నాకు ఇష్టం లేదని కాదు, ఈ నాలుగింటిలో నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైనది అదే. స్వయంగా కట్టినవాడికి దొరికే రిపేర్‌మన్ సర్టిఫికెట్ విలువ డబ్బుతో తూచలేనిది. ఆ సర్టిఫికెట్ ఉంటే ఏటా కండిషన్ ఇన్‌స్పెక్షన్ సంతకం మీదే. వెయ్యి గంటలు దాటే ఆ పనిలో ప్రతి రివెట్టూ, ప్రతి ఇంధన గొట్టపు మలుపూ మీ చేతి కింద నుంచి పోయి ఉంటుంది కనుక, తనిఖీలో ఎక్కడ చూడాలో మీకన్నా ఎక్కువ తెలిసినవాడు ఉండడు. దీనికి షరతులు నాలుగు. 18 ఏళ్లు నిండి ఉండాలి, ఆ విమానానికి ముఖ్య నిర్మాత మీరై ఉండాలి, అది సురక్షిత స్థితిలో ఉందో లేదో తేల్చగల నైపుణ్యం ఉందని ఎఫ్‌ఏఏ ప్రతినిధిని ఒప్పించాలి, అమెరికా పౌరుడైనా, గ్రీన్ కార్డు ఉన్నవాడైనా అయి ఉండాలి.

ఈ నాలుగో షరతు మనవాళ్లలో చాలామందికి చివరిదాకా తెలియదు. హెచ్1బీ వీసా మీద ఉన్నవారు ఈ సర్టిఫికెట్ తీసుకోలేరు. విమానాన్ని వ్యక్తిగతంగా తమ పేరున రిజిస్టర్ చేసుకోవడం కూడా కుదరదు, ఎందుకంటే దానికీ పౌరసత్వమో గ్రీన్ కార్డో కావాలి. కంపెనీ, ట్రస్టు ద్వారా రిజిస్టర్ చేసే మార్గాలున్నా అవి లాయరు సలహాతో చేయవలసిన పనులు. కానీ కట్టడం మొదలుపెట్టడానికి ఎఫ్‌ఏఏ నిబంధనల్లో అలాంటి అడ్డు లేదు. గ్రీన్ కార్డు వరుసలో ఏళ్లకేళ్లు నిలబడవలసిన మన పరిస్థితిలో, ఆ కాలంలో తోక భాగంతో మొదలుపెట్టి నిదానంగా కట్టుకుపోవడం నిజంగా ఆలోచించదగ్గ దారి. అయితే ఇల్లు, ఊరు మారవలసి వస్తుందేమో ముందే లెక్క చూసుకోండి. మరొక జాగ్రత్త కూడా అవసరం: ఇద్దరు స్నేహితులు కలిసి కడితే రిపేర్‌మన్ సర్టిఫికెట్ ఒక్కరికే వస్తుంది. అది ఎవరికన్నది మొదటి రివెట్ వేయకముందే మాట్లాడుకుని కాగితం మీద పెట్టుకోవాలి. పని జరిగిన ప్రతి రోజూ తేదీతో, మీరు కూడా కనిపించే ఫొటోతో నిర్మాణ లాగ్ రాసుకోవాలి. సగానికి పైగా పని ఔత్సాహికులు చేశారని నిరూపించే సాక్ష్యం అదే, డబ్బిచ్చి ఎవరితోనో చేయించిన పని ఆ లెక్కలోకి రాదు.

రిపేర్‌మన్ సర్టిఫికెట్ విమానంతో పాటు అమ్ముడుపోదు. అది కట్టిన మనిషికి, ఆ ఒక్క విమానానికి సంబంధించినది. కట్టినవాడి నుంచి మీరు కొంటే, మరమ్మతూ మార్పూ చేసుకునే హక్కు పూర్తిగా మీకు వస్తుంది గానీ ఏటా సంతకానికి ఏ అండ్ పీ మెకానిక్‌నో, ఆ తనిఖీకి అర్హత ఉన్న మరొకరినో వెతుక్కోవాలి. చేతిపని విమానాలకు సంతకం పెట్టడానికి కొందరు మెకానిక్‌లు ఇష్టపడరు, వారిని తప్పుపట్టలేము, ఎందుకంటే తాము కట్టని, డ్రాయింగు లేని దానికి వారు పూచీ పడాలి. అందుకే సెకండ్ హ్యాండ్ కొనేవారు విమానం వెతకడానికి ముందే మెకానిక్‌ను వెతకాలి. నిబంధనల్లో 2025 జూలైలో ఎఫ్‌ఏఏ ప్రకటించిన మోజాయిక్ మార్పులు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి, రిపేర్‌మన్ హక్కుల భాగం కూడా వాటిలో ఉంది కనుక, కొనే నాటికి అమల్లో ఉన్న పాఠాన్నే చూసుకోవాలి.

లైట్ స్పోర్ట్ విమానాల్లో రెండు రకాలను గుర్తుంచుకుంటే చాలు. ఫ్యాక్టరీలో తయారై వచ్చే స్పెషల్ లైట్ స్పోర్ట్‌ను అద్దెకు, శిక్షణకు వాడవచ్చు, అయితే అందులో మార్పు చేయాలంటే తయారీదారు రాతపూర్వక అనుమతి ఉండాలి. మార్పు చేసే స్వేచ్ఛలో ఇది సెస్నా కన్నా కూడా ఇరుకు అనిపించవచ్చు, ఎందుకంటే తయారీదారు జవాబివ్వకపోతే, లేదా కంపెనీయే మూతపడితే, అడగడానికి మరో తలుపు సులువుగా దొరకదు. ఎక్స్‌పెరిమెంటల్ లైట్ స్పోర్ట్ వేరు. ఆర్‌వీ-12 కిట్‌ను ఆ పద్ధతిలో కట్టేవారికి 51 శాతం నియమం లేదు, కానీ సర్టిఫికెట్ వచ్చేదాకా తయారీదారు చెప్పినదానికి అక్షరాలా కట్టుబడి కట్టాలి. సర్టిఫికెట్ వచ్చాక మార్పులు యజమాని ఇష్టం. దీనిలో నాకు బాగా నచ్చినది సంతకం ఏర్పాటు. మీరు కట్టినదే కానవసరం లేదు. 16 గంటల కోర్సు చేసి ఇన్‌స్పెక్షన్ రేటింగ్‌తో రిపేర్‌మన్ సర్టిఫికెట్ తీసుకుంటే, మీ సొంత ఎక్స్‌పెరిమెంటల్ లైట్ స్పోర్ట్‌కు ఏటా సంతకం మీరే పెట్టవచ్చు. గ్రీన్ కార్డు షరతు దీనికీ ఉంది. డ్రైవింగ్ లైసెన్సే మెడికల్‌గా (ఆరోగ్య ధ్రువపత్రంగా) చెల్లుతుందని లైట్ స్పోర్ట్ వైపు వచ్చేవారికి మాత్రం ఆ కారణం పలచబడింది, ఎందుకంటే మోజాయిక్ కారణంగా 2025 అక్టోబరు నుంచి స్పోర్ట్ పైలట్ ఒక ప్రయాణికుడితో సెస్నా 172 కూడా నడపవచ్చు.

ఏ దారిలో వెళ్లినా తప్పనివి కొన్ని ఉన్నాయి. విమానం ఉనికిని రాడార్‌కు తెలిపే ట్రాన్స్‌పాండర్‌ను 24 నెలలకొకసారి అధికారం ఉన్న చోట పరీక్షించాలి. ఐఎఫ్‌ఆర్‌లో, అంటే బయటి చూపు మీద కాక పరికరాల ఆధారంగా ఎగిరేవారు ఎత్తు చూపే వ్యవస్థను కూడా అదే గడువులో పరీక్షించుకోవాలి. కూలినప్పుడు ఆపద సంకేతం పంపే ఈఎల్‌టీని ఏటా చూడాలి. ఎక్స్‌పెరిమెంటల్‌లో ప్రయాణికులను డబ్బు తీసుకుని ఎక్కించుకోకూడదు, ఎక్కే ప్రతి మనిషికీ ఇది ఎక్స్‌పెరిమెంటల్ అని ముందే చెప్పాలి. ఫలానా లోపాన్ని సరిచేయమని ఎఫ్‌ఏఏ ఇచ్చే ఆదేశాలు, అంటే ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్‌లు, ఎక్స్‌పెరిమెంటల్‌కు వర్తిస్తాయా అని తరచూ వాదించుకుంటారు. వచ్చిన డైరెక్టివ్‌లో వర్తింపు పేరా చదివి చట్టం సంగతి తేల్చుకోవాలి. కానీ లైకమింగ్ ఇంజిన్‌లోని ఒక భాగం పగులుతోందని డైరెక్టివ్ వచ్చినప్పుడు, అదే భాగం మీ ఇంజిన్‌లో ఉంటే, పగులు సర్టిఫికెట్ చూసి రాదు కనుక, సురక్షిత స్థితిలో ఉందని ఎలా సంతకం పెడతారో ఆలోచించుకోవాలి. మరొక విషయం, ఎప్పటికైనా హైదరాబాద్‌కో విజయవాడకో తీసుకుపోవచ్చన్న ఆశతో ఎక్స్‌పెరిమెంటల్ కొనవద్దు. ఆ సర్టిఫికెట్ అమెరికా హద్దు దాటితే తనంత తాను చెల్లదు, ఆయా దేశం విడిగా అనుమతించాలి. ముంబైలో ఇంటి డాబా మీద విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్‌కు 2017లో భారత విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్ చేతికి రావడానికి ఏళ్ల పోరాటం పట్టింది.

ఇక ఎంపిక. వారానికి రెండు గంటలు ఎగరాలన్నదే కోరికైతే, రెంచ్ పట్టుకోవడం మీద ఆసక్తి లేకపోతే, ఫ్యాక్టరీ సర్టిఫైడ్ విమానం కొనండి, దాని నిబంధనలు మీకు భారం కావు, రక్షణ. ఇంట్లో చిన్నపిల్లలున్నవారికి, నలుగురు కూర్చునే విమానం వెంటనే కావాలనుకునేవారికి కూడా నేను ఇదే చెబుతాను. పని చేయడమే సగం ఆనందం అనిపించేవారు, ఐదారేళ్లు ఒకే ఊళ్లో ఉండగలవారు కట్టుకోండి. కట్టే ముందు అమెరికాలో ఔత్సాహికులందరినీ కలిపే ఈఏఏ వారి స్థానిక చాప్టర్‌లో చేరి, రెండు రోజుల అల్యూమినియం రేకు పని శిక్షణ ఒకటి చేసి, ఆ పని మీ ఒంటికి పడుతుందో లేదో చూసుకోండి. చాప్టర్లలో టెక్నికల్ కౌన్సెలర్లుగా సేవ చేసే అనుభవజ్ఞులు పైసా తీసుకోకుండా వచ్చి మీ పనిని చూసి తప్పు చెబుతారు. ఆ తప్పు చెప్పించుకునే ఓపిక లేనివారు కట్టకపోవడమే మేలు. ఇద్దరు ప్రయాణించడానికి చాలు, కట్టే తీరిక లేదు, సంతకం మాత్రం తమదే కావాలి అనేవారికి సెకండ్ హ్యాండ్ ఎక్స్‌పెరిమెంటల్ లైట్ స్పోర్ట్, దానితో 16 గంటల కోర్సు మంచి జోడీ.

సెకండ్ హ్యాండ్ ఆర్‌వీ మాటను చివరికి ఉంచాను, ఎందుకంటే దాన్ని కొనాలని అనుకునేవారే అందరికన్నా ఎక్కువ, ముందుగా చదివి వచ్చేవారే అందరికన్నా తక్కువ. అది మంచి ఎంపికే, కానీ అడ్వాన్సు ఇవ్వకముందు ఆపరేటింగ్ లిమిటేషన్స్ ప్రతి, ఫేజ్ వన్ పూర్తయినట్టు రాసిన లాగ్‌బుక్ పేజీ, తాజాగా తూచిన బరువు కాగితం అడిగి ఫోన్‌కు తెప్పించుకోండి. విమానం దగ్గరకు వెళ్లాక సీటులో కూర్చుని బెల్టు బిగించుకుని, కళ్లు మూసుకుని, ఇంధన సెలెక్టర్‌ను తాకి చూడండి. తరువాత ఆ నమూనాను బాగా ఎరిగిన మెకానిక్ చేత, అమ్మేవాడికి పరిచయం లేనివాడి చేత, పూర్తి కండిషన్ ఇన్‌స్పెక్షన్ స్థాయిలో చూపించండి. కొన్నాక మొదటి గంటలు ఆ నమూనాలో అనుభవం ఉన్న శిక్షకుడి పక్కన కూర్చుని ఎగరండి.

నేను చూసి వచ్చేసిన ఆ ఆర్‌వీ యజమాని రెండు నెలల తరువాత ఫోన్ చేశారు. విమానాన్ని మూడు తూకపు యంత్రాల మీద నిలబెట్టి తూచారట, ప్రొపెల్లర్ మార్పు రాశారట, పరీక్ష ప్రాంతానికి ఎఫ్‌ఏఏ సమ్మతి తీసుకుని ఒంటరిగా 5 గంటలు ఎగిరి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టారట. బరువు కేంద్రం పాత కాగితం చెప్పినదానికన్నా ముందుకు జరిగి ఉండడంతో, బ్యాటరీని సీట్ల వెనక్కి మార్చి, మళ్లీ తూచి, ఆ మార్పును కూడా రాసుకున్నారు. ఆ పేజీ ఫొటో నాకు పంపించారు.